దూలం మీది పావురం

మావా,

నీకు పక్షవాతం వచ్చినప్పుడు రక్తం పూయాలని దాచేపల్లి నుంచి పావురాన్ని తెచ్చారు. దాన్ని కోయకముందే నువ్వు పోయావు. నేను వదిలేసినా అది ఎటూ పోకుండా మన దూలం మీదే ఉండిపోయింది, ఎన్నడూ కిందికి దిగలేదు.

ఇవాళ నీ సంవత్సరీకానికి వచ్చిన మీ తమ్ముడు నీ మంచం మీద కూర్చుని టీ తాగుతుంటే, అది దిగి అతని కుడిచేతి మీద వాలింది. అతను తోలలేదు.

"ఏందయ్యా?" అన్నాను.

"చెయ్యి లేవట్లా వదినా," అన్నాడు నంగిగా, నాలుక మొద్దుబారినట్టు. టీ మూతి పక్కనుంచి కారింది, అచ్చం నీకు కారినట్టే.

వెంటనే ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి పంపాను. మాట తేరుకుందని ఇప్పుడే ఫోనొచ్చింది.

బీపీ బిళ్ల మీ అన్నదమ్ములిద్దరూ తల తిరిగితేనే వేసుకునేవాళ్లు. నేనూ అంతే.

పావురం మళ్లీ దూలమెక్కలేదు. ఇది రాస్తున్న నా చేతి మీదికి ఎక్కుతోంది.