జరీ నల్లబడిన జానెడు గుడ్డ

హైదరాబాదు, జూన్ 20

గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న కురుమయ్య పెద్దనాయినకు శ్రుతి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మగ్గం చప్పుడులో నీకు సగమే వినబడుతుంది. అందుకే రాస్తున్నాను. "అయిదేండ్లాయె, ఆ ల్యాబుల ఏం చేస్తున్నవే" అని అడిగావు కదా. నీ చీర ఒంట్లో నూలు, అంచులో పట్టు ఉన్నట్టే మా ప్లాస్టిక్ పోగులో సగం ఒక గుణం, సగం ఇంకో గుణం. కంటికి కనబడనంత సన్నం. రెండింటికీ పడదు, కానీ ఒకే పోగు కాబట్టి విడిపోనూ లేవు. చివరికి వాటంతట అవే చారలు చారలుగా సర్దుకుంటాయి.

కొంచెం ఉప్పు కలిపితే ఒక సగమే దాన్ని పట్టుకుంటుంది. ఎడం పెరిగి చారలు స్పష్టంగా తేలతాయి. రెండు సగాలు కలిసే అతుకు దగ్గర గుణం ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా మారితే మాత్రం పోట్లాట తగ్గి చారలు మసకబారతాయి. ఉప్పు ఎంత, అతుకు ఎలా అన్నదే నా చదువు. రేపు బ్యాటరీలకు పనికొస్తుంది.

జూలై 15న సెమినార్. అది గట్టెక్కితే డాక్టరేట్ వచ్చినట్టే. అక్కడ చూపించడానికి అంచు, ఒళ్లు కలిసే అతుకు ఉన్న జానెడు గుడ్డ పంపు.

నీ శ్రుతి

తా.క.: ఉప్పు వేశాక ఆ చారలు చూస్తే నువ్వు మగ్గం మానేస్తావు.

గద్వాల, జూలై 8

బిడ్డ శ్రుతికి పెద్దనాయిన దీవెనలు.

నీ ఉత్తరం మీ పెద్దమ్మ హన్మమ్మకు ఒకపారి, పక్కింటి బుచ్చన్నకు ఒకపారి చదివి ఇనిపిచ్చిన. కొద్దికొద్దిగ మార్చుడు మాకు కొత్త గాదు. కోటకొమ్మ అంచు అదే గద, పట్టు రంపం పండ్ల లెక్క నూలులకు పోతది. మీ సారుకు చెప్పు. గని ఉప్పు ముచ్చట మాకెవ్వలు చెప్పలే. అంచు రంగు ఒంట్లకు దిగుతుందని ఏడాది సంది పరేషాన్ల ఉన్న, ఉప్పుతోని ఆగుతదేమో.

ఇప్పుడొక పెద్ద చీర మొదలువెట్టిన. చీర ఎవలికో ఆ పార్టీ పేరు చెప్పను, చానా ముఖ్యమైన పార్టీ. పడుగుకు పెట్టే గంజిల దోసెడు ఉప్పు కలిపిన. పొద్దుగాల పడుగు పట్టనీకె వాడకట్టంత వచ్చిన్రు, అందరి ముంగటనే కలిపిన. "ఏందన్నా, పప్పుచారు అనుకున్నవా" అన్నడు బుచ్చన్న. "మా శ్రుతి రాసింది, సైన్సు" అన్న.

మొదటి జానెడు నేసి, కోసి, ముసురుకు తడ్వకుండ ప్లాస్టిక్ కవర్ల చుట్టి పంపుతున్న. అంచు అద్దం లెక్క ఉంది.

కురుమయ్య

తా.క.: బుచ్చన్న గూడ రెండు ఉప్పు పాకెట్లు కొనుక్కొచ్చిండు. నాది చూసినంక వెయ్యి అని ఆపిన.

హైదరాబాదు, జూలై 16

పెద్దనాయినకు, ముఖం చూపించలేని శ్రుతి నమస్కారాలు.

నీ పార్సిల్ నిన్న సెమినార్‌కు పోయే ముందు చేతికొచ్చింది. విప్పకుండానే పట్టుకెళ్లాను. "మా పెద్దనాయిన నేసిన అతుకు, ఎంత శుభ్రంగా ఉందో చూడండి" అంటూ అందరి ముందు విప్పాను. అతుకు పొడుగునా జరీ బొగ్గులా నల్లబడి ఉంది. వెనక వరుసలో ఎవరో నవ్వారు.

ఎందుకు నల్లబడిందని మా సారు రాజ్‌కుమార్ గారు అడిగారు. పార్సిల్‌లో ఉన్న నీ ఉత్తరం అక్కడే చదివి, "గంజిలో ఉప్పు కలిపారు సార్, అది ముసురులో తేమ లాగింది" అన్నాను. "మరి మీ ఉప్పు లాగలేదా" అన్నారాయన.

ల్యాబుకు పోయి సీసా చూశాను. మూత వదులుగా ఉంది, ఉప్పు ముద్దకట్టింది. మాది వంటింటి ఉప్పు కాదు, బ్యాటరీల్లో వాడేది; నీ ఉప్పు కంటే దానికి తేమ మీద ఆశ ఎక్కువ. ఏడాదిగా నేను చూసిన చారలు ఉప్పు వల్ల వచ్చాయో నీళ్ల వల్ల వచ్చాయో నాకే తెలియదు. ఆ మాట సారుకు చెప్పేశాను. మళ్లీ మొదటి నుంచి చేయాలి.

నాది సరే, నీ చీర సంగతేమిటి? నా మాట నమ్మి నలుగురిలో చులకనై ఉంటావు. సిగ్గుతో అన్నం సయించడం లేదు. ఆ పార్టీ పేరు, ఊరు రాయి. వనపర్తి అయినా, నాగర్‌కర్నూల్ అయినా వాళ్లింటికి పోయి తప్పు నాదని చెప్పుకుంటాను.

శ్రుతి

తా.క.: మగ్గం మానేస్తావని రాసిన వాక్యం కొట్టేసుకో.

గద్వాల, జూలై 24

బిడ్డకు దీవెనలు.

మగ్గం మీది చీర గూడ నల్లబడ్డది. మూడు దినాలు వాడకట్టుల తలెత్తలేక వెనక సందుల నుంచి తిరిగిన. ఒక మాట ఒప్పుకుంట. జరీకి ఉప్పు పడదని నాకు నలభై ఏండ్ల సంది తెల్సు. తెల్సే వేసిన. మా పిల్ల చెప్పింది అని నలుగుట్ల అనాలె అన్న ఆశ, గంతే. నీ సెమినార్ల నీ పరువు తీసింది గూడ ఆ ఆశనే. చానా సిగ్గయితుంది బిడ్డ. నిన్న అందరిని పిలిచి, శ్రుతి రాసింది ప్లాస్టిక్ ముచ్చట, చీరకు అంటగట్టింది నేను అని చెప్పిన.

పార్టీ ఇంటికి పోతనంటివి. బస్సెక్కే పని లేదు. నువ్వు డాక్టరైననాడు కట్టుకోవాలని మీ పెద్దమ్మ రంగులు ఏరిన చీర అది. పార్టీ పేరు శ్రుతి. ఆ పార్టీ రాసిన ఉత్తరం నాకు ముట్టింది, ఇగ ఏడ్వొద్దని చెప్పు.

కొత్త పడుగు ఎక్కిచ్చిన. నువ్వు ఉప్పు ఎండబెట్టి మల్ల మొదలువెట్టు. ఏడాది పడితే పట్టనీ, నేను గూడ మెల్లగనే నేస్త.

పెద్దనాయిన

తా.క.: బుచ్చన్న ఆ రెండు పాకెట్ల ఉప్పుతోని నిమ్మకాయ తొక్కు పెట్టిచ్చిండు. నీకొక సీసా పంపుతున్న. మూత గట్టిగ పెట్టు.