మొదటి గ్లాసు

బాపూ,

బీఎస్సీ కెమిస్ట్రీ పాసైన నీ కుమారరత్నం సవినయంగా విన్నవించుకునేది. నువ్వు తవ్వించిన బావి ఇప్పుడు మందుల కంపు కొడుతోంది. ఎగువన వెలసిన మందుల ఫ్యాక్టరీ పుణ్యం. నీ సంవత్సరీకానికి మాత్రం ఆ నీళ్లే పెట్టాలని అమ్మ పట్టు పట్టింది.

అందుకని కుక్కర్ విజిల్ తీసి రాగి గొట్టం, ఆవిరి వేడి చూసేందుకు ఓ థర్మామీటర్ బిగించాను. గొట్టాన్ని చన్నీళ్ల బకెట్‌లోంచి పోనిచ్చి, ఆవిరిని మళ్లీ నీళ్లు చేసే మహాయజ్ఞం మొదలుపెట్టాను. థర్మామీటర్ ఎనభై దాటగానే చుక్కలు పడ్డాయి. గ్లాసు సగమైనా నిండకముందే అమ్మ దాన్ని నీ ఫొటో ముందు పెట్టి, దండం పెట్టి, ప్రసాదమని నోటిదాకా తెచ్చుకుంది.

"అమ్మా, తాగకు! నీళ్లకంటె ముందుగాల ఆ మందులే ఆవిరైతయి. మొదలు దిగేది విషమే!"

"మీ బాపుకు పెట్టింది పారబోస్తవారా?"

గుంజుకుని పారబోశాను. పాదరసం నూరు దగ్గర కదలకుండా నిలిచాక, ఇక దిగేవి నీళ్లేనని, గ్లాసు కడిగి మళ్లీ పెట్టాను. రెండో గ్లాసు నిండింది.

"గిదన్న పెట్టనిస్తవా?"

"ఆగు, నేను తాగి సూస్త."

తాగాను. అమ్మ చాలాసేపు నా ముఖమే చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ గ్లాసే నీ ముందు పెట్టింది.

నీకు ఎంగిలి పెట్టిన పాపం నాది. వాసనైతే లేదు బాపూ, తాగు.