ఈకల పెట్టెలో కార్డు

రియో గ్రాండే సిటీ, గురువారం

చెల్లీ లవీరా,

నేను కులాసా. మనవరాలికి ఒంట్లో నయం కావాలని పెట్టుకున్న ప్రార్థనకు పెయోటీ మందు దొరికింది, ఒక బస్తాడు ఎండు జెముడు గుబ్బలు. దారిలో ఒక పోలీసు నా బండి ఆపి బస్తా విప్పించాడు. “ఇది మీ తెగవాళ్లకే చెల్లుతుంది పెద్దాయనా, మీ తెగ కార్డేదీ?” అన్నాడు. నా తెలివి చూడు, ఎక్కడ పోతుందోనని దాన్ని ప్రార్థన ఈకల పెట్టెలో దాచాను! దేవదారు పొగ వెయ్యనిదే ఆ పెట్టె తెరవకూడదాయె. “పొగ వేశాకే తీస్తా, కావాలంటే జైల్లో పెట్టుకో బాబూ” అన్నాను. రోడ్డు పక్కన నిప్పు రాజేసి పొగ వేస్తుంటే, అతను టోపీ తీసి నిలబడ్డాడు. కార్డు చూసి తిరిగిచ్చి, “మా అమ్మకు బాగాలేదు...” అని నసిగాడు.

“మీవాళ్లు తింటే చట్టం ఒప్పుకోదు నాయనా.”

“తినడానికి కాదండీ. ఆమె పేరొకసారి తలుచుకుంటారా?”

మొక్కజొన్నలు దంచావా? బావగారు విందుకు గొర్రెను చూశారా? ప్రార్థన గుడారం చిరుగు కుట్టించండి. పిల్లకు నా ఆశీస్సులు. శనివారం రాత్రి ప్రార్థనయ్యాక తెల్లారుతూనే నీళ్ల బకెట్ లోపలికి తెచ్చేది నువ్వే కదా, ఆ నీళ్ల మీద ఆ పోలీసు తల్లి పేరు, హెర్లిందా అని, కూడా తలుచుకో. దానికి ఎవరూ కార్డు అడగరు.

మీ అన్న,
డెల్బర్ట్