బబులోను మట్టి

చిట్యాల,
ఆగస్టు 1979

తమ్ముడు ఏలియాకు అన్న దీవెనలు.

నీ ఉత్తరమూ, సెలవు మీద వచ్చిన మొగుళ్లపల్లి మనిషి చేత పంపిన మట్టి పొట్లమూ చేరాయి. అతను వాటిని నాకివ్వకుండా చర్చిలో అందరి ముందూ అమ్మ చేతికిచ్చాడు.

ఇరాకులో బబులోను తవ్వకాల దగ్గర తట్టలు మోస్తూ, ఇటుక మీద ఆ పట్నపు రాజు నెబుకద్నెజరు పేరు చూశానని రాశావు. ఆ పేరు పలకడం నీకు నేర్పింది నేనే. నేను బబులోను గురించి ప్రసంగిస్తుంటే గోడకు ఆనుకుని నిద్రపోయింది నీవే. ఇప్పుడేమో ప్రసంగం మధ్యలో సారవ్వ లేచి, "నీది రోజు ఇనేదే గని అయ్యగారు, ఏలియా ఏం రాసిండో జర చదువు" అంటోంది.

ఆ మట్టిని అందరూ నొసటికి రాసుకున్నారు. అది దేవుడు శపించిన పట్నమని బైబిలు తెరిచి చూపించాను. "ఏదైతేంది? బైబిల్ల ఉన్న మట్టే గద!" అంది సారవ్వ. మనవడి జ్వరానికి నాతో ప్రార్థన చేయించుకుని, ఇంటికి పోయి నీ మట్టి రాసింది. జ్వరం తగ్గింది. పేరు నీకొచ్చింది.

అమ్మ కూడా చిటికెడు కొంగున కట్టుకుంది. నేనిచ్చిన బైబిలు మాత్రం దూలం మీదే ఉంది.

నాకేం కుళ్లు లేదు. ఎండలో తలకు గుడ్డ కట్టుకో.

అబ్రాహాము పుట్టిన పట్టణమూ ఆ దేశంలోనే ఉందట. వీలైతే అక్కడి మట్టి పిడికెడు తే. ఎవరి చేతా పంపకు, అమ్మకు కూడా చెప్పకు. నాకివ్వు. ఆదివారం నేనే చూపిస్తాను.

నీ అన్న