హోదా ప్రకారం

రియాద్,
3 ఏప్రిల్ 1992, శుక్రవారం

చిరంజీవి ఇంద్రజకు,

నాన్న దీవెనలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. అనంతపురంలో తనూ బాగానే ఉన్నానని అమ్మ మొన్నటి ఉత్తరంలో రాసింది. లెస్టర్‌లో చలి తగ్గిందని, నీ దగ్గు పూర్తిగా పోయిందని తెలిసి మనసు కుదుటపడింది.

నీ ఉత్తరం నాలుగు పేజీలు. మొత్తం నాలుగుసార్లు చదివాను. రంజాన్ నెల కాబట్టి ఆఫీసు మధ్యాహ్నానికే మూసేస్తున్నారు. గదికొచ్చాక మాట్లాడటానికి మనిషి ఉండడు. పక్క గదుల్లోని ఇంజనీర్లు మంచివాళ్ళే, కానీ హైదరాబాదులో స్థలాల ధరలు తప్ప వాళ్ళ నోట వేరే మాట రాదు. అందుకని బీబీసీ పెట్టుకుని మీ బ్రిటన్ ఎన్నికల ప్రచారం వింటున్నాను. ఒక్కోసారి రేడియోకే గట్టిగా జవాబు చెబుతున్నాను. నిన్న నా గొంతు నాకే వినిపించి ఆగిపోయాను.

కామన్వెల్త్ పౌరులకు అక్కడ ఓటుందనీ, తొమ్మిదో తేదీన కన్సర్వేటివ్‌లకే వేస్తాననీ రాశావు. నువ్వు పనిచేసే మందుల షాపు యజమానితో కలిసి ఇంటింటికీ తిరిగి వాళ్ళ కరపత్రాలు కూడా పంచుతున్నానన్నావు. "నాన్నా, ఒకరి దయ మీద బతకొద్దని నాకు నేర్పింది మీరే. వాళ్ళు చెప్పేదీ అదే కదా?" అని అడిగావు.

అదే కాదమ్మా. కాలేజీలో రాజనీతి పాఠాలు చెప్పిన పదిహేనేళ్ళూ నేను ఉదారవాదినే, ఇప్పుడూ అంతే. సొంత కాళ్ళ మీద నిలబడమనేవాళ్ళు అవతలి మనిషి కాళ్ళ కింద నేల ఉందో లేదో కూడా చూడాలి. పన్ను తగ్గిస్తామంటున్నారు. అలా తగ్గితే ఏ ఆసుపత్రిలో ఎవరి ఆపరేషన్ ఎన్ని నెలలు వెనక్కి పోతుందో చెప్పరు. పని లేనివాణ్ణి సోమరి అనడం తేలిక. మూసేసిన గనిలో ఇరవై ఏళ్ళు బొగ్గు తవ్వినవాడి ముందు నిలబడి ఆ మాట అనమను. అయితే ఒకటి ఒప్పుకుంటాను. మీ ప్రధానమంత్రి వీధిలో పెట్టె ఎక్కి నిలబడి, జనం కేకలు వేస్తుంటే వాళ్ళకు జవాబు చెబుతున్నాడట. ఓటు అనే మాటే వినిపించని ఊళ్ళో కూర్చుని అది వింటుంటే, ఆ పార్టీ అంటే గిట్టకపోయినా నాకు అసూయ కలిగింది.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టేశాను. నీ రెండో ప్రశ్న మిగిలిపోయింది. "యుద్ధం రోజుల గురించి అడిగితే, అందరం బాగానే ఉన్నామని ఒక్క ముక్కతో తేల్చేస్తారేం?" అన్నావు. ఏడాది దాటినా ఈ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు.

నిరుడు జనవరిలో, ఇరాక్‌తో యుద్ధం మొదలవడానికి రెండు రోజుల ముందు, మా కంపెనీకి నలభై గ్యాస్ మాస్కులు వచ్చాయి. ఊరి చివర సులైలోని మా లేబర్ క్యాంపులో మూడు వందల మంది ఉంటారు. సిబ్బంది కాగితాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి కదా, మేనేజరు నన్ను పిలిచి హోదా ప్రకారం జాబితా టైపు చెయ్యమన్నాడు. చేశాను. తొమ్మిదో పేరు నాది. మరి క్యాంపు సంగతేమిటని అడగడానికి మాట నోటిదాకా వచ్చింది. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. మాట మింగేశాను.

ఆ మాస్కులు వ్యానులో ఆఫీసర్ల ఇళ్ళకు చేర్చింది డ్రైవరు అబ్దుల్ ఘనీ. కదిరి మనిషి, ఆ క్యాంపులోనే ఉంటాడు. వ్యాను ఎక్కబోతూ ఆగి అడిగాడు.

"సార్, మా క్యాంపుకు ఎప్పుడిస్తారు?"

"రెండో విడతలో వస్తాయి," అన్నాను.

రెండో విడత లేదని నాకు తెలుసు.

క్షిపణులు వచ్చాయి. సైరన్ మోగినప్పుడల్లా నేను మాస్కు తగిలించుకుని కూర్చునేవాణ్ణి. క్యాంపులో వాళ్ళు తడి తువ్వాళ్ళు ముఖాలకు చుట్టుకున్నారట. విషవాయువు రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత నేను క్యాంపు వైపు పోలేదు. ఘనీ ఎదురైతే కాగితాల్లో తల దూర్చేవాణ్ణి.

నీ ఉత్తరం అందాక, పోయిన శుక్రవారం, సులై వెళ్ళాను. ఘనీ రేకుల గది బయట బట్టలు ఉతుక్కుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ రోజు చెప్పింది అబద్ధమని చెప్పేశాను.

"నాకు ఆ పొద్దే తెల్సు సార్," అన్నాడు. "ఆ లిస్టు జిరాక్సు తీపిచ్చుకొచ్చింది నేనే గదా."

"మరి నన్ను నిలదీయలేదేం?"

"ఏం లాభం సార్? మావోళ్ళకు నేనూ వస్తాయనే చెప్పినా. ఆ నమ్మకంతో రెండు దినాలు నిద్రపోయినారు." చొక్కా పిండి తీగ మీద వేశాడు. "నా బాధ దానికి గాదు. యుద్ధం అయిపోయినాక ఒక్కసారన్నా వచ్చి, ఎట్లుండారప్పా అని మీరు అడగలేదు."

అక్కడే అరుగు మీద కూర్చున్నాను. అతనే మాటల్లో పెట్టాడు. క్యాంపుకు నీళ్ళ ట్యాంకరు వారానికి రెండుసార్లే వస్తోందట. ఎండలు ముదురుతున్నాయి. అర్జీ రాసిస్తానన్నాను.

"రాసేది సరే సార్. కింద పేరు ఎవురిది?"

నాదే పెట్టాను. ఆదివారం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. మేనేజరు చదివి, కళ్ళజోడు తీసి, "నీ ఇకామా జూన్‌లో అయిపోతుంది కదా?" అన్నాడు. ఇకామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, కంపెనీ పొడిగిస్తేనే చెల్లుతుంది. అవునన్నాను. ట్యాంకరు మాత్రం మంగళవారం నుంచి రోజూ వస్తోంది.

ఈ ఉత్తరం చేరేసరికి నీ ఓటు పడిపోయి ఉంటుంది. నీకు నచ్చినవాళ్ళకే వేసి ఉంటావు, అలాగే వెయ్యాలి. నా అభిప్రాయం ఏమీ మారలేదు. కానీ నువ్వు నమ్మిన మాట పరాయి వీధిలో, ముక్కూమొహం తెలియనివాళ్ళ తలుపు తట్టి చెబుతున్నావు. ఆ ధైర్యం నాకు ఈ వయసులో వచ్చింది. జూన్ తర్వాత ఇక్కడ ఉంటానో లేదో తెలియదు. అమ్మకు నేనే నెమ్మదిగా రాస్తాను, నువ్వు ఫోను చేసి కంగారుపెట్టకు.

నెలవంక కనిపిస్తే రేపే పండగ. క్యాంపుకు భోజనానికి రమ్మని ఘనీ కబురు పంపాడు. ఈ ఊరొచ్చి ఆరేళ్ళయింది, పండగకు నన్ను పిలిచిన మనిషి ఇంతవరకూ లేడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

ఇట్లు,
నీతో ఎదురెదురుగా కూర్చుని వాదించాలని ఆశపడుతున్న
మీ నాన్న,
సుబ్బరామయ్య