ఎర్రగా వచ్చిందని ఆపిన గోలీలు

ఏప్రిల్ 6
అన్నకు క్షయ అని తేలింది. మస్కట్ నుంచి దగ్గు మోసుకొచ్చాడంటుంది మమ్మల్ని కన్న అవ్వ. సుల్తానాబాద్ దవాఖానాలో గోలీలు ఇచ్చారు. వాటితో ఇచ్చిన కరపత్రంలో చదివింది అన్నకు చెప్పాను — ఇందులో ఒక మందు మట్టిలో బతికే సూక్ష్మజీవి నుంచి పుట్టిందే, క్రిమిని ఓడించే విద్య క్రిమి దగ్గరే నేర్చుకున్నాం అని.
"అంటె పురుగును మింగుతున్ననా తమ్మీ?"
నవ్వాడు. వెంటనే దగ్గు.

ఏప్రిల్ 29
దగ్గు తగ్గింది. అన్నం అడిగి పెట్టించుకున్నాడు! ఈ కరపత్రం ఊరూరా చదివి వినిపించాలి.

మే 15
అన్న దిండు కింద గోలీల అట్టలు. చింపనివి.
"ఒంటికి పోతె ఎర్రగ వస్తాందిరా. నెత్తురే."
"వేడి జేసింది బిడ్డకు. నేనే ఆపుమన్న," అవ్వ.
చలవ చేస్తుందని రోజూ పొద్దున్నే ఈతకల్లు తాగుతున్నాడట. అరిచాను. అది నెత్తురు కాదు, మూత్రంలో దిగే మందు రంగు, దవాఖానాలో చెప్పనే చెప్పారు...
"నువ్వేమన్న డాక్టరువారా? గన్ని కాయితాలు సదివి ఏం పీకినవ్?"
చేతిలో చెంబు నేలకేసి కొట్టాను.

మే 16
అన్న ఇవాళా గోలీలు వేసుకోలేదు.

జూన్ 20
మళ్లీ దగ్గు. ఈసారి నిజంగానే నెత్తురు. అవ్వ కొంగుతో తుడిచి, నాకు కనపడకుండా కొంగు మడుచుకుంది. కనపడింది.

జూన్ 23
కరీంనగర్ పెద్దాసుపత్రి. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది — మందు మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మొండికేస్తాయి. పాత గోలీలు ఇంకా పనిచేస్తాయో లేదో తెమడ పరీక్షలో తేలాలి.
"నేనే ఆపిచ్చిన, బాంచెన్. గా రోగమేదో నాకియ్యుండ్రి..." అవ్వ ఆమె కాళ్ల మీదికి వంగింది.
తిరుగు బస్సులో అవ్వను అనాల్సిన మాటలన్నీ పేర్చుకున్నాను. కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుంది. ఒక్కటీ అనలేదు.

జూన్ 30
ఫలితం రాలేదు. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అన్న వాకిట్లో మంచం వేసుకుని విడిగా తింటున్నాడు. పళ్లెం పెట్టి వెనక్కి తిరిగాను.
"తమ్మీ, జర ఒర్రురా నా మీద."
"ఎందుకన్నా?"
"నువ్వు ఒర్రితె నేను బతుకుతనన్నట్టు ఉంటది. నువ్వు గిట్ల సప్పుడు చెయ్యకుంటె భయమైతాంది."
అరవడానికి నోరు తెరిచాను. ఎప్పుడూ నాలుక చివరే ఉండే కోపం — పిలిచినా రాదు.
అన్న ముద్ద చేతిలో పట్టుకుని నా వైపే చూస్తున్నాడు...