పలక మీద యోహాను బొమ్మ

ఫిబ్రవరి 3

మళ్లీ రెండో స్థానమే.

యోహాను రిబ్బను తెంచుకుని వెళ్లిపోయాక వచ్చాను. పది పన్నెండు గజాల తేడా. చివరి చుట్టులో ఒక్కసారి వాడి మడమలు చేతికందేంత దగ్గరయ్యాయి — అంతే. వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఉత్త కాళ్లతో పరిగెత్తాడు. నాకు నాయన కొనిచ్చిన బూట్లు.

కాలేజీ వాళ్లు ఊరంతా కరపత్రాలు పంచారు. "మైలు పందెపు వీరుడు యోహాను పరిగెత్తును. తప్పక వచ్చి చూడుడు." టికెట్టు రెండణాలు. ఆ డబ్బుతో మైదానం పక్కన మండపం కడతారట. జనం గోడలెక్కి చూశారు. జట్టుకి కెప్టెన్ని నేను. ఆ కాగితంలో నా పేరు లేదు.

పందెం అయ్యాక వాడే నా దగ్గరికొచ్చాడు. "అన్నా, నీళ్లు తాగు" అని చెంబు చాచాడు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అయినా తాగలేదు. ఎందుకు తాగలేదో ఇక్కడ కూడా రాయలేను.

ఫిబ్రవరి 5

మద్రాసు పందేలకి మైలుకు ఒక్కణ్ణే పంపుతారు. డ్రిల్లు మాస్టారు నోటీసు అంటించారు. యోహాను. దాని కింద చిన్న అక్షరాలతో "వీలు కానిచో" అని, పక్కన నా పేరు.

వీలు కానిచో...

ఫిబ్రవరి 9

మధ్యాహ్నం యోహాను నా గదికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, చంకలోని కాగితం పొట్లం విప్పాడు. బూట్లు. నల్ల తోలు, అడుగున మేకులు. మద్రాసు నుంచి పోస్టులో తెప్పించాడట.

"ఎట్ల వచ్చినాయిరా నీకు?"

నవ్వాడు. సంచిలోంచి ఒక పలక తీశాడు. చెక్క చట్రం మీద అంటించిన లేబులు, దాని మీద వాడి బొమ్మ. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కింద "యోహాను మార్కు పలక, మార్కాపురం". క్రిస్మసు సెలవుల్లో సుబ్బయ్య శెట్టి పిలిపించాడట. మార్కాపురంలో పలకల కార్ఖానా ఉన్న శెట్టే. ఫోటో తీయించి డబ్బు చేతిలో పెట్టాడట. సగం ఇంట్లో ఇచ్చాడు, సగం ఈ బూట్లు.

"మా అమ్మ దాన్ని చూసి భయపడింది. బతికున్నోడి బొమ్మ ఏందిరా అన్నది. మళ్లీ కొంగుతో తుడిచి పెట్టెలో పెట్టుకున్నది."

వాళ్లది కొనకనమిట్ల. మాది పెద్దారవీడు. సెలవులకి ఇద్దరం ఒకే రైల్లో దిగుతాం, మార్కాపురం రోడ్డు స్టేషనులో. దిగాక నాకోసం బండి వచ్చి ఉంటుంది. వాడు నడుస్తాడు. వాళ్ల నాయన, అమ్మ కూలికి పోతారు. మిషను వాళ్ల స్టైపెండుతో చదువుతున్నాడు.

"మద్రాసులో అందరూ ఇవే తొడుక్కుంటారంట కదన్నా. ఉత్త కాళ్లతో పోతే నవ్వరా?" అన్నాడు. లేచి పోబోతూ ఆగాడు. "ఎవరికీ చెప్పాకు. డబ్బు తీసుకున్నోణ్ణి జట్టులోంచి తీసేస్తారంట. నీకొక్కడికే చెప్పినా."

బూటు ఒకటి నా చేతిలో ఉంది. నావాటికంటే చాలా తేలిక.

ఫిబ్రవరి 10

రాశాను. చించేశాను.

ఫిబ్రవరి 12

మళ్లీ రాశాను. ఎడమ చేత్తో, ఇంగ్లీషులో. ప్రిన్సిపాలు గారికి. సంతకం లేదు. మార్కాపురంలో పలకల మీద ఫలానా విద్యార్థి బొమ్మ ఉన్నదనీ, అందుకు డబ్బు ముట్టిందనీ.

అందులో ఒక్క అబద్ధం లేదు. పోస్టు డబ్బాలో వేసేముందు ఈ మాటే నాలుగైదు సార్లు అనుకున్నాను. ఉత్తరం లోపల పడిన చప్పుడు వినబడింది. చెయ్యి దూర్చి చూశాను. అందలేదు.

ఫిబ్రవరి 13

యోహాను ఇవాళ కూడా "అన్నా" అనే పిలిచాడు.

ఫిబ్రవరి 17

రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకో రకంగా గుర్తుపెట్టుకుంటాను.

ప్రిన్సిపాలు గారి గది. కెప్టెన్నని నన్నూ పిలిచారు. బల్ల మీద పలక. ఎవరినో పంపి తెప్పించారు. యోహాను ఎదురుగా, డ్రిల్లు మాస్టారు పక్కన. నేను కిటికీ దగ్గర.

"ఈ బొమ్మ నీదేనా?"

"నాదే సార్."

"డబ్బు తీసుకున్నావా?"

యోహాను ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత ఆయన వైపు తిరిగాడు. "తీసుకున్నా సార్."

లేదనవచ్చు. శెట్టి తనంతట తానే వేసుకున్నాడని అనవచ్చు. అనలేదు.

"కాలేజీ కోసం పరిగెత్తేవాడు తన పేరు అమ్ముకోకూడదు. డబ్బు కోసం ఒళ్లు వంచడం కూలివాడి పని. క్రీడాకారుడి పని కాదు."

"మా నాయన కూలోడే సార్" అన్నాడు యోహాను. ఎదిరించినట్టు కాదు. ఊరి పేరు అడిగితే చెప్పినట్టు.

డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మన్నించాలి సార్. మొన్న కరపత్రం మీద వీడి పేరు వేసి మనమూ టికెట్లు అమ్మినాం గదా. మనం అమ్మితే ఒప్పు, వాడు అమ్ముకుంటే తప్పా?"

"అది సంస్థ కోసం."

"కాళ్లు వాడివి సార్, మొహం వాడిది..."

"మీరు కూర్చోండి." ఆయన నా వైపు తిరిగారు. "కెప్టెన్, నువ్వేమంటావు?"

ఇప్పుడు ఈ పేజీ మీద ఎన్నో జవాబులు రాయగలను. అక్కడ నేనన్నది ఇది — "రూలు రూలే కదా సార్."

ఫిబ్రవరి 18

జట్టులోంచి తీసేశారు. అంతటితో ఆగుతుందనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

స్టైపెండు ప్రిన్సిపాలు గారి సిఫారసు మీద వచ్చేది. నడవడిక బాగాలేదని ఆయన రాశారట. మిషను వాళ్లు ఆపేశారు. హాస్టలు గది ఖాళీ చెయ్యమన్నారు. పరీక్షలు ఇంకో నెల.

మేడ మీద నుంచి చూశాను. రేకు పెట్టె భుజాన పెట్టుకుని స్టేషను దారి పట్టాడు. కిందికి దిగాను. గేటు దాకా వెళ్లాను. తిరిగి వచ్చాను.

ఫిబ్రవరి 27, మద్రాసు

నాలుగో స్థానం.

నా పేరు ఎవరూ అడగలేదు. డ్రిల్లు మాస్టారు భుజం మీద చెయ్యి వేస్తారనుకున్నాను. గడియారం జేబులో వేసుకుని, "వాడైతే గెలిచేవాడు" అన్నారు. నాతో కాదు. మైదానంతో అన్నట్టు అన్నారు.

మార్చి 30

పరీక్షలు అయిపోయాయి. రైల్లో ఒక్కణ్ణే.

ఏప్రిల్ 11, పెద్దారవీడు

పొద్దున సుబ్బయ్య శెట్టి వచ్చాడు. నాయన పంచలో నులక మంచం వేయించాడు. మజ్జిగ తాగి మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు.

"ఏందన్నా, మీవాడు మద్రాసు దాకా పోయి పరిగెత్తినాడంట! మాకు ఒక మాటైనా చెప్పకపోతివి."

"ఏదోలే శెట్టీ" అన్నాడు నాయన. మొహం వెలిగిపోతోంది.

తర్వాత సంగతికి వచ్చాడు. యోహాను పేరు చెడ్డదయిందట. మిషను బడులవాళ్లు ఆ పలకలు వద్దంటున్నారట. కొత్త బొమ్మ కావాలి. నా బొమ్మ.

"మా ఇంట్లో పేర్లు అమ్ముకునేటోళ్లు ఎవరూ లేరు" అన్నాడు నాయన.

"అమ్మేదేముందన్నా? డబ్బు మాట నేనెత్తినానా? గౌరవంగా పిల్లోడికి ఒక సైకిలు ఇప్పిస్తా. అంతే."

నాయన నవ్వాడు. ప్రిన్సిపాలుకి ఒక మాట రాసి అడుగుతానన్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఏమనేవాణ్ణో... సైకిలు అనగానే నా కళ్ల ముందు ఒకటి మెరిసింది. పచ్చ రంగుది. అది కూడా రాసిపెట్టాలి.

ఏప్రిల్ 24

ప్రిన్సిపాలు గారి జవాబు వచ్చింది. అభిమానంతో ఇచ్చిన బహుమానం వేతనం కాదనీ, మంచి కుటుంబంలోని విద్యార్థి బొమ్మ పిల్లలకి ఆదర్శమనీ, తమకు అభ్యంతరం లేదనీ.

మూడుసార్లు చదివాను. నాయన నాలుగిళ్లకి తీసుకెళ్లి చదివించాడు.

ఏప్రిల్ 27

ఫోటో కోసం మార్కాపురం. కొత్త చొక్కా. నాయన తాలూకా కచేరీ పని మీద వెళ్లాడు. దారిలో నన్ను కార్ఖానా దగ్గర దించాడు.

రేకుల షెడ్డు కింద వరసగా కూర్చుని పలకలకి చట్రాలు బిగిస్తున్నారు. అందరూ బూడిద రంగు మనుషులు. రాతిపొడి. మూడో మనిషి తలెత్తాడు. "రా అన్నా, కూచో" అన్నాడు.

యోహాను. కనుబొమల మీద కూడా పొడి.

వాడి పక్కన కట్టలు కట్టిన పలకలు. లేబులు మీద వాడి బొమ్మే. కింద "పందెం మార్కు" అని ఉంది.

"పేరు తీసేసినాడు శెట్టి. బొమ్మ ఉంచినాడు. నీది వచ్చేదాకా నాదే నడుపుతాడంట" అన్నాడు. "పేరు లేదు కాబట్టి మళ్లీ ఇచ్చేదేం లేదన్నాడు."

నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "ఉత్తరం రాసింది నేనురా."

వాడి చెయ్యి ఆగలేదు. మూలకి చిన్న మేకు పెట్టి రెండు దెబ్బలు కొట్టాడు. "తెలుసు."

"ఎట్ల?"

"నేను చెప్పింది నీకొక్కడికే కదన్నా."

ఇన్ని రోజులు... ఎడమ చేత్తో రాశాను. ఇంగ్లీషులో రాశాను. ఈ చిన్న సంగతి నాకు తట్టనే లేదు.

"మరి ఆ పొద్దు ప్రిన్సిపాలు గదిలో ఎందుకు చెప్పలా?"

"నువ్వే చెప్తావనుకున్నా. నీ దిక్కు చూస్తిని గదా."

పక్కనున్న ముసలాయన మా ఇద్దర్నీ చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

"ప్రిన్సిపాలుకి నిజం రాస్తా. నా పేరు పెట్టి రాస్తా."

"రాసుకో. నీకు తేలికవుతాది. నాకు సీటు రాదు."

"ఆ సైకిలు కూడా నాకు వద్దు."

అప్పుడు పని ఆపాడు. మొదటిసారి వాడి గొంతులో కోపం విన్నాను. "ఎందుకు వద్దు? తీసుకునేది తప్పని నేనెప్పుడన్నా అన్నానా? నా కాళ్లు, నా మొహం. అడిగినాడు, ఇచ్చినా, తీసుకున్నా. నాకు సిగ్గేం లేదు. నువ్వు తీసుకుంటే మర్యాద, నేను తీసుకుంటే కూలి — అట్ల అన్నారే, అది గదా తప్పు. దాన్నేం చేస్తావు నువ్వు?"

ఫోటో తీయించుకోలేదు. శెట్టికి తలనొప్పి అని చెప్పాను. మళ్లీ అబద్ధమే.

ఏప్రిల్ 29

ఉత్తరం రాశాను. కుడి చేత్తో. పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు. అసూయతో రాశాననీ, బహుమానానికీ కూలికీ తేడా ఏమిటో తమరే చెప్పాలనీ.

నాయనకి చూపించాను. చదివాడు. "సైకిలు వద్దంటే మానెయ్. ఇది మాత్రం పంపాకు. ఆ యోహాను మనకేమైతాడురా?"

"నన్ను అన్నా అంటాడు నాయనా."

"ఊళ్లో అందరూ అంటారు" అన్నాడు. కాగితం మడిచి నా చేతిలోనే పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. చింపలేదు. అందుకు ఏడుపొచ్చింది.

పోస్టు చేశాను.

మే 7

జవాబు వచ్చింది. నా నిజాయితీకి సంతోషమట. ఉత్తరం ఎవరు రాసినా, ఏ ఉద్దేశంతో రాసినా విషయం మారదట. నియమం నియమమేనట. తేడా ఏమిటన్న ప్రశ్నకి జవాబు లేదు. వచ్చే ఏడు కూడా కెప్టెన్ని నేనేనట.

నా మాటే నాకు తిరిగొచ్చింది. "రూలు రూలే."

మే 9

మార్కాపురం వెళ్లి యోహానుకి ఆ జవాబు చదివి వినిపించాను. విని, "ఇంకేం, కెప్టెన్‌వైతివి" అన్నాడు. ఎగతాళి లేదు. అదే కష్టంగా ఉంది.

ఆదివారం గిద్దలూరు తిరునాళ్లలో పరుగు పందెమట. గెలిచినవాడికి నగదు. ఎవరైనా పరిగెత్తవచ్చు. వాడు పోతున్నాడు.

"నేనూ వస్తా."

"చూసేదానికా, పరిగెత్తేదానికా?"

డబ్బు పందెంలో పేరు రాయించుకున్నవాడు కాలేజీ తరఫున ఇక పరిగెత్తకూడదు. అది వాడికీ తెలుసు.

మే 12, గిద్దలూరు

ఎండ. ఇద్దరం రైల్లో వచ్చాం. దిగాక వాడు సోడా ఇప్పించాడు. తాగాను.

గుడి వెనక బయలులో బల్ల వేసుకుని ఒకాయన పేర్లు రాస్తున్నాడు. యోహాను తన పేరు, తండ్రి పేరు, ఊరు గట్టిగా చెప్పాడు. వెనక ఎవరో "పలక మీది పిల్లోడు!" అన్నారు. నలుగురు ముందుకొచ్చి చూశారు. వాడు నవ్వాడు.

రాసే ఆయన నన్ను చూశాడు. "మీరు పెద్దారవీడు రెడ్డిగారి అబ్బాయి గదా? ఇది డబ్బు పందెం నాయనా, మీ కాలేజీ పందెం కాదు."

ఇప్పుడే వస్తానన్నాను. వచ్చి ఈ గోడ నీడలో కూర్చున్నాను.

పేరు రాయిస్తే కెప్టెన్ పదవి పోతుంది, మద్రాసు పోతుంది. అయినా వాడికి సీటు రాదు. వాడికి ఒరిగేదేమిటి? ఎవరి కోసం ఇది? నన్ను చూసి వాడు "మంచోడివన్నా" అనాలనా? వాడు అనడు. అది మాత్రం తెలుసు.

లేవకపోతే... జూన్‌లో మళ్లీ ఆ మైదానం. కరపత్రంలో ఈసారి నా పేరే వేస్తారు.

పేర్లు మూడింటి దాకా రాస్తారట. ఇప్పుడు రెండూ నలభై. యోహాను బల్ల పక్కన నిలబడి కాళ్లు సాగదీస్తున్నాడు. ఇటు చూస్తున్నాడు. పిలవడం లేదు.